బావ చేసిన ఎక్సానరేట్

లక్ష్మణసామి నిజాయితీపరుడు. ఆ సంగతి పదిమందికీ తెలిసేలా చేయడమే అతనికున్న దురలవాటు.

అరవదేశంలోని విరుదునగర్ సంతలో ఒక వ్యాపారి దగ్గర పత్తి నాణ్యం చూసే ఉద్యోగం అతనిది. పందొమ్మిది వందల ముప్పై రెండులో, అరవవాళ్ల మాసి నెలలో, అంటే చలి తగ్గే రోజుల్లో, సొంత మేనమామ నల్లసామి కోవిల్‌పట్టి వైపు నుంచి తొలి పత్తి బండి తోలుకొచ్చాడు. లక్ష్మణసామి పైనుంచి గుప్పెడు తీసి నలిపి, "నీళ్లు పోసి తడిపిన పత్తి! రంగు కూడా మారింది!" అని సంతంతా వినేలా అరిచాడు, అరవంలో.

మామ ఒక్క మాట అనకుండా బండి వెనక్కి తిప్పాడు. దాంతో ఆయన కూతురు సంతానలక్ష్మి పెళ్లి కూడా ఆగిపోయింది. పెళ్లికొడుకెవరయ్యా అంటే, అరిచినవాడే.

తర్వాత యజమాని మామ ఊరికి మనిషిని పంపి చూపిస్తే, తడి పైపొరలోనే ఉంది. లోపలంతా మొదటి రకం. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? లక్ష్మణసామి మామ ఊరికి రైలెక్కాడు.

వాకిట్లో సంతానలక్ష్మి సజ్జలు చెరుగుతోంది. తల ఎత్తలేదు.

"లక్ష్మీ, మామని ఎక్సానరేట్ చేసేస్తిని."

"అదేమి బావా, ఇంకో నేరమా?"

"కాదు పిల్లా! విచారించి, తప్పే లేదని తేల్చి, నింద తీసేసేది. కోర్టుల్లో, ఆఫీసుల్లో వాడే మాట."

"క్షమించినావన్న మాట."

"క్షమించేది వేరే. తప్పు చేసినోణ్ణి క్షమిస్తారు. చేయనోణ్ణి ఎక్సానరేట్ చేస్తారు."

"బాగుండాది. యాడ చేస్తివి?"

"మా కొట్టులో. యజమాని ముందర."

సంతానలక్ష్మి చేట దించింది. "నింద వేసేది సంతలో, అరవంలో, ఊరందరి ముందర. తీసేది కొట్టులో, ఇంగ్లీషులో, ఒక్కని ముందరా?"

"సంతలోనే చెప్తాను. నీళ్లు ఎవరు పోసినారంటే ఏమి చెప్పేది?"

ఆ పిల్ల ముఖం వాడిపోయింది. "నేనే. తొలి బండికి ఇంటి ఆడపిల్ల పసుపు నీళ్లు చల్లేది కదా. నీవు పట్టి చూసే పత్తి అని చెంబంతా పోస్తిని. నా పేరు సంతలో రాకూడదని నాయన నోరు తెరవలేదు."

రంగు మారిందని అరిచిన మొనగాడికి అప్పుడు తెలిసింది, అది పసుపని. సిగ్గుతో చచ్చిపోయాడు. ఈ పిల్లను పోగొట్టుకుంటే తన బతుకెందుకనీ అనిపించింది.

మరుసటి సంతలో మామను పక్కన నిలబెట్టుకుని, బండెక్కి అరవంలో అరిచాడు. "మా మామ మీద ఏ తప్పూ లేదు! నా పెళ్లాం పసుపు నీళ్లు చల్లింది. పసుపేదో తెలియని గుడ్డివాణ్ణి నేను!"

సంత ఘొల్లుమంది. నల్లసామి మాత్రం నవ్వలేదు.

"నా కూతురు నీకు పెళ్లాం ఎప్పుడాయెరా?"

లక్ష్మణసామి బండి దిగి చేతులు జోడించాడు. "తప్పే మామా. క్షమించు."

"క్షమించేది లేదు," అన్నాడు మామ, మేనల్లుడి భుజాన చేయి వేసి. "ఆవణి నెల ముహూర్తానికి వచ్చి ఆ తప్పుని నిజం చేసిపో."