బొంతపల్లిలో ఆగిన వ్యాన్

“పిల్లల్ని చంపేటందుకు మన లేబుల్ వాడుకుంటున్రు, శ్రీకర్!”

బద్రీనాథ్ బల్ల మీద గుద్దిన గుద్దుకు తూకం రాళ్లు ఎగిరిపడ్డాయి. సంగారెడ్డి బజారుకు ఆయన పప్పుల వ్యాపారి. దుకాణం వెనక గదిలో మాత్రం ఒక రహస్య శాఖకు చీఫ్. శ్రీకర్ ఆ శాఖ ఏజెంట్.

“బ్రీఫింగ్ ఇను. సముద్రం నడుమ ఒక దీవి. ఆడ పిల్లలకు ముఫత్‌ల, పైస తీస్కోకుండ ఆపరేషన్లు చేస్తందుకు మన వలంటీర్ డాక్టర్లు, నర్సులు ఇయ్యాల సాయంత్రం ఫ్లైట్ ఎక్కుతున్నరు. వాళ్ల కోసం తయారైన యాంటీబయాటిక్‌ను ఒక విదేశీ ముఠా దాచింది. దాని బదులు మన లేబుల్ అంటించిన నకిలీ వయల్స్ పంపుతది. పిల్లలు చస్తరు. ఇండియా మందంటేనే లోకం భయపడ్తది. ఆర్డర్లన్నీ ముఠాను నడిపే కంపెనీకి పోతయ్.”

“ఎయిర్‌పోర్టులో ఆపేస్తే?”

“ముఠా మాయమైతది. ఇంకో క్యాంపుల గిదే పని జేస్తది. బండితోని సహా పట్టాలె.”

ఆ నర్సుల్లో శ్రీకర్ భార్య హర్షిణి ఉంది. పెళ్లయి నెల కూడా కాలేదు. పొద్దున్నే అతని చొక్కా జేబులో జీడిపప్పు పోసి, ఏమీ ఎరగనట్టు నవ్విన మనిషి. ఆ విషాన్ని పసివాళ్లకు ఎక్కించేవి ఆమె చేతులే!

“ముఠాలో మనవాళ్లెవరు?”

“తనుశ్రీ. సముద్రం ఫోటోలు తీస్తది. మనకూ పనిజేస్తది, వాళ్లకూ పనిజేస్తది. నిజంగ ఎవరి దిక్కో నాకే తెల్వది. పో, జల్దీ!”

పటాన్‌చెరు ఫంక్షన్ హాల్లో వలంటీర్ల యాత్రకు విరాళాల కోసం ఫోటో ఎగ్జిబిషన్. గోడల నిండా సముద్రమే. క్యాటరింగ్ యూనిఫాం, అతికించిన మీసంతో శ్రీకర్ సమోసాల ట్రే పట్టుకుని, ఆకుపచ్చ పట్టుచీర, నల్లకళ్లద్దాల సుందరి పక్కన ఆగాడు.

“మేడమ్, ఈ ఫోటోలో ఉన్నది ఆటా, పోటా?”

“రెండూ కాదు. ఉప్పెన.” కోడ్ కలిసింది. తనుశ్రీ సమోసా అందుకుంది. “మీ చీఫ్ నన్ను నమ్మడు కదూ? ఇది చూడండి.”

తడి ఇసుక. నురుగులో రెండు చిన్న పాదాలు.

“పోయిన క్యాంపులో తీశాను. అల తగిలినప్పుడల్లా ఆ పాప కిలకిలా నవ్వింది. ముఠా ఆ నకిలీ మందును మొదట ఆమె మీదే పరీక్షించింది. మర్నాడు ఆ పాప లేదు, నేను తీయడానికి ఆ నవ్వూ లేదు.” ఆమె సమోసాను తిరిగి ట్రేలో పెట్టేసింది. “గుమ్మడిదల షెడ్డు నుంచి వ్యాన్ ఇప్పుడే కదిలింది. ముఠా బాస్ మార్కస్ అందులోనే ఉన్నాడు. రూటు నాకు చెప్పలేదు. ఈ రోజే షోరూమ్ నుంచి తెచ్చిన తెల్ల బండి. డ్రైవర్ అక్కడివాడే, యాదన్న. లోపలున్నదేమిటో అతనికి తెలీదు.”

చెవిలోని ఇయర్‌పీస్‌లో బద్రీనాథ్ అరిచాడు. “ముత్తంగి జంక్షన్ కాడ మనోళ్లను పెట్టిన. వ్యాన్ ఏ దారిన వస్తదో సమజైతలేదు!”

“కొత్త బండి సార్!” అన్నాడు శ్రీకర్. “పూజ గాకుండ గుమ్మడిదల డ్రైవర్ దాన్ని హైవే ఎక్కిస్తడా? గీ దిక్కు బండ్ల పూజలన్నీ బొంతపల్లి గుడి కాడనే, ఆడ ఆగుతది!”

తనుశ్రీ మొదటిసారి నవ్వింది. చీర కుచ్చెళ్లు బిగించి అతని బైక్ వెనక ఎక్కింది. భుజాన సముద్రం అడుగున ఫోటోలు తీసే కెమెరా, దానికి టార్చిలైటంత ఫ్లాష్.

వీరభద్రుడి గుడి ముందు, రెండు ట్రాక్టర్ల పూజలు అయ్యాక తెల్ల వ్యాన్ వంతు వచ్చింది. పసుపు, కుంకుమ, బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు.

“గో! గో!” మార్కస్ కిటికీలోంచి కేకలేస్తున్నాడు.

“ఏంది సార్ గీ లొల్లి? పది లచ్చల బండి. కొబ్బరికాయ కొట్టకుండ పోతే ఇంట్ల నా పెండ్లాం నన్ను కొడ్తది!” అంటూ యాదన్న స్టీరింగ్‌కు తాపీగా బొట్టు పెడుతున్నాడు.

బైక్ చప్పుడుకు మార్కస్ తల తిప్పాడు. తనుశ్రీని చూశాడు. మరుక్షణం పిస్టల్ యాదన్న మెడకు ఆనింది. యాదన్న తాళం తిప్పాడు. నిమ్మకాయలు చితికాయి. వ్యాన్ కదిలింది.

తనుశ్రీ దానికి ఎదురుగా నిలబడి ఫ్లాష్ నొక్కింది. పట్టపగలే పిడుగు పడ్డట్టయింది. మార్కస్ కళ్లు మూసుకున్నాడు. యాదన్న బ్రేక్ తొక్కాడు. బంపర్ ఆమె చీరను తాకి ఆగింది. శ్రీకర్ తలుపు లాగి, మార్కస్‌ను కాలర్ పట్టి కిందికి ఈడ్చాడు. పిస్టల్ దుమ్ములో పడింది.

“ఇది ఆ పాపకు!” అంటూ శ్రీకర్ దవడ మీద గుద్దాడు.

మార్కస్ పళ్లు కదిలాయి. శ్రీకర్ మళ్లీ చెయ్యెత్తాడు. తనుశ్రీ ఆపింది.

“రెండోది నాది,” అంది. నిజంగానే కొట్టింది. మూడోదాని అవసరం లేకుండా, అసలు మందు ఎక్కడ దాచాడో మార్కస్ కక్కేశాడు. గుమ్మడిదలలోని అదే షెడ్డులో. బద్రీనాథ్ మనుషులు పెట్టెల్ని ఎయిర్‌పోర్టుకు ఉరికించారు. కార్గో కౌంటర్ షట్టర్ సగం దిగాక చివరి పెట్టె లోపలికి వెళ్లింది.

సాయంత్రం, గుడి ముందు పంచనామా అయ్యాక, “సార్,” అంటూ యాదన్న బెరుగ్గా వచ్చాడు. “ఇగ బండి ఠాణకు పోతది గద. కొబ్బరికాయ కొట్టాల్నా, వద్దా?”

“కొట్టు యాదన్నా. ఠాణకైనా మంచిగ పోవాలె.”

అప్పుడే ఫోన్ మోగింది. హర్షిణి.

“ఏవండీ, మందులు ఇప్పుడే ఎక్కాయి. ఇంత ఆలస్యమా? ఎవడు నిద్రపోయాడో, కనిపిస్తే రెండు తగిలించేదాన్ని! మీకేం లెండి, చల్లగా ఏసీలో కూర్చుని సంతకాలు పెట్టుకునే ఉద్యోగం.”

“నిజమే,” అన్నాడు శ్రీకర్, వాచిన వేళ్లను కొబ్బరినీళ్లలో ముంచుతూ. “ఇవాళ మాత్రం సంతకం కొంచెం గట్టిగా పడింది.”