ఎలుగుబంట్ల ఫోల్డర్

కొండ కింద సర్వే ఆఫీసు గుమ్మంలో అడుగుపెట్టిన కుందన్‌ని చూసి కంప్యూటర్ ముందున్న అమ్మాయి దిగ్గున లేచింది. ఆ వెంటనే చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"ఏమైందండీ?" అన్నాడు వానకి తడిసి ముద్దయిన కుందన్.

"మీరు... రెండు కాళ్ల మీద కూడా నడుస్తారా?"

ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కుందన్ చెవులు ఎర్రబడ్డాయి.

పైన ఓక్ అడవిలో ఆ సీజను సర్వే అంతా అతనిదే. మొక్కలు లెక్కపెట్టాలి, చెట్లకి మోకాలెత్తున కెమెరాలు కట్టాలి. ముందునుంచి ఏ జంతువు వెళ్లినా కెమెరా దానంతటదే ఫొటో తీస్తుంది. కట్టినప్పుడల్లా అది పనిచేస్తోందో లేదో తెలియాలంటే మనిషే దాని ముందు నాలుగు కాళ్ల మీద పాకి చూడాలి. కుందన్ ఊరికే పాకే రకం కాదు. ఎలుగుబంటిలా ఊగుతాడు, గుర్రుమంటాడు, వీపు చెట్టుకేసి గోక్కుంటాడు. తోడొచ్చే ధరమ్ దా, అంటే ధరమన్న, గేదె పాలు పితకాలంటూ మధ్యాహ్నానికే ఊళ్లోకి దిగిపోతాడు. ఆ తర్వాత మనిషన్నవాడు కనపడడు. అందుకే కుందన్ కెమెరా ముందే కూర్చుని, రాగిరొట్టె తింటూ దానితోనే కబుర్లు చెప్పుకునేవాడు.

"మనుషుల ఫొటోలు చెరిపేస్తారన్నారే!" అన్నాడు ఉక్రోషంగా. "గడ్డికొచ్చే ఆడవాళ్లు పడతారని, ఉంచకూడదని రూలుందిగా!"

"చెరిపేయాలంటే ముందు చూడాలి కదండీ. ఆ చూసేదాన్ని నేనే. నా పేరు హంసి. ఇంతకీ రొట్టె తింటూ ఎవరితో మాట్లాడతారు?"

"కెమెరాతో. మీకేం నష్టం?"

ఇన్నాళ్లూ ధరమ్ దా చేత పంపే కెమెరా మెమరీ కార్డుల సంచీ ఈసారి తనే తెచ్చి బల్లమీద పడేసి, టీ అయినా తాగకుండా వానలోకి వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి పాకడం మానేశాడు. కర్రకి టోపీ తగిలించి కెమెరా ముందు ఊపేసేవాడు. రొట్టె చెట్టు వెనక కూర్చుని తినేవాడు. నవ్వులపాలు కావడం తప్పింది గానీ, నోరు కూడా మూతపడింది. పొగమంచు అడవిలో అతనుండే రేకుల గుడిసె కిటికీ దాకా వచ్చి ఆగేది. రేకుల మీద ఓక్ కాయలు రాలుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినపడేది కాదు. ఆ పిల్ల నవ్వు గుర్తుచేసుకుని కోపం తెచ్చుకోబోతే, కోపం రాకపోగా దిగులు వేసేది. తనని చూసి నవ్వడానికైనా ఒక మనిషి ఉండేది. ఆ మనిషినీ తనే దూరం చేసుకున్నాడు.

దసరా వెళ్లాక కార్డులివ్వడానికి కిందికి దిగితే హంసి నవ్వలేదు.

"ఈసారి ఒక్క ఫొటోలోనూ లేరు. ఒంట్లో బాగుందా?"

"బాగానే ఉంది. మీకు చెరిపే పని తగ్గిందిగా, సంతోషించండి."

"చాలా సంతోషంగా ఉంది," అని ఆమె మొహం తిప్పుకుంది. "చలి ముదిరేలోపు సర్వే అయిపోతుంది. నేను పిథౌరాగఢ్‌లో మా అమ్మ దగ్గరికి వెళ్లి, అక్కడ బళ్లో టీచరుగా చేరుతున్నాను. ఇక మిమ్మల్ని చూసి నవ్వేవాళ్లుండరు లెండి."

కొండెక్కుతున్నంతసేపూ కుందన్‌కి ఆ మాటే ముల్లులా గుచ్చుకుంది.

చివరి కెమెరా విప్పే రోజు వచ్చింది. కుందన్ దాని ముందు చేతులు నేలకి ఆనించాడు.

"విప్పేసేదానికి టెస్టెందుకురా?" అన్నాడు ధరమ్ దా.

"నువ్వు అటు తిరుగు దా, కాసేపు."

పాకాడు, ఊగాడు, వీపు గోక్కున్నాడు. తర్వాత మోకాళ్ల మీద లేచి, టోపీ తీసి చేత పట్టుకుని, కెమెరాతో ఏదో చెప్పాడు.

మర్నాడు అతను వెళ్లేసరికి ఆఫీసులో సగం సామాను అట్టపెట్టెల్లోకి ఎక్కేసింది. హంసి కార్డు పెట్టింది. ఫొటోలు ఒక్కొక్కటే వచ్చాయి. ఆఖరి దాంట్లో టోపీ చేతిలో, నోరు తెరిచి, కుందన్.

"ఏమంటున్నారు ఇందులో?"

"ఎలాగూ చెరిపేస్తారుగా. ఎందుకులెండి."

హంసి 'ఎలుగుబంట్లు' అని ఉన్న ఫోల్డర్ తెరిచింది. అందులో అసలు ఎలుగుబంట్లు మూడో నాలుగో. మిగతా అంతా కుందనే. పాకుతున్నవాడు, గోక్కుంటున్నవాడు, రొట్టె చేత్తో పట్టుకుని కబుర్లు చెబుతున్నవాడు.

"మనుషులవి చెరిపెయ్యమన్నారు, చెరిపేశాను. ఎలుగుబంట్లవి చెరపమని ఎవరూ అనలేదు," అంది. "రిపోర్టు లెక్కలో కలపలేదులే, భయపడకు."

కుందన్ తెర మీదికి వంగి తన ఫొటోలు ఒక్కొక్కటే చూశాడు.

"పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఈ గదిలో నేనొక్కదాన్నే. అన్నం తినేటప్పుడు నీ ఫొటో పెట్టుకునేదాన్ని. నువ్వేమంటున్నావో నేనే ఊహించుకుని, జవాబూ నేనే చెప్పేదాన్ని. నువ్వు రోషం కొద్దీ చెట్టు వెనక్కి పోయావు. నాకు మాట్లాడేవాళ్లే లేకుండా పోయారు."

తను 'నువ్వు' అంటున్నట్టు ఆమె గమనించుకోలేదు. గమనించిన కుందన్‌కి ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

"ఇందులో ఏమన్నానో ఊహించుకో అయితే."

"ఊహించుకుని ఊహించుకుని విసుగొచ్చింది. ఇవాళ వినాలి."

కుందన్ టోపీ తీసి చేత పట్టుకున్నాడు. "హంసీ, నువ్వు లేకపోతే నాకు ఊరైనా అడవే. పిథౌరాగఢ్ వచ్చి మీ అమ్మతో మాట్లాడనా? అని అన్నాను."

హంసి ఆ ఫొటోని కూడా ఎలుగుబంట్లలోకి లాగి పడేసింది. చున్నీ మళ్లీ నోటికి అడ్డం వెళ్లింది, ఈసారి కళ్లూ తుడుచుకుంది.

"రా. కానీ మా అమ్మ ముందు మాత్రం రెండు కాళ్ల మీద నడువు."