సున్నాలోకి దూకినవాడు

ఉక్కు నగరంలోని బిష్టుపూర్ బజారులో, పట్టపగలు, ఆటో దిగుతున్న ఏజెంట్ బలరామ్ మెడలో కత్తి దిగింది. చచ్చేముందు ఫోన్‌లో సూర్యంతో అన్నది రెండే ముక్కలు: "బిర్సానగర్... పిక్లింగ్ షెడ్."

ఉక్కు రేకుల తుప్పును యాసిడ్‌లో ముంచి వదలగొట్టే షెడ్డు అది. ఏజెంట్ సూర్యం వెల్డర్ వేషంలో అడుగుపెట్టిన రెండో నిమిషానికే దొరికిపోయాడు. రెండు పళ్లు రాలాయి, ఒక పక్కటెముక విరిగింది. కళ్లు తెరిచేసరికి క్రేన్ హుక్కుకు తాడుతో వేలాడుతున్నాడు. కింద రెండు యాసిడ్ తొట్లు, మధ్యలో ఇనప బాట. దానిమీద విదేశీ ముఠా నాయకుడు మార్టెన్, చేతిలో బాంబు రిమోట్. పక్కన ఎర్రచీరలో దేవిశ్రీ. సూర్యం డిపార్టుమెంటు మనిషే, కానీ అటు అమ్ముడుపోయిందని వినికిడి.

"గ్యాస్ లైన్ కింద బాంబు. తీన్ మినట్," అన్నాడు మార్టెన్ వచ్చీరాని హిందీలో. మూడే నిమిషాలు.

ఆ లైను పక్కనే సూర్యం తల్లి సింహాచలమ్మ ఇల్లు.

మార్టెన్ యాసిడ్ ఘాటు కొలిచే పీహెచ్ మీటర్లు చూశాడు. ఒక తొట్టిమీద 3, రెండోదానిమీద 0. "వీణ్ణి ఎందులో ముంచుదాం?" అని హిందీలోనే అడిగాడు.

"తీన్ బడా హై, సర్. జీరో మే క్యా హోగా?" అంది దేవిశ్రీ, మూడే పెద్దది, సున్నాలో ఏముంటుందన్నట్టు. సూర్యం వైపు తిరిగి, మార్టెన్‌కు రాని తెలుగులో, "లెక్క కట్టుకో సూర్యంబాబూ. ఇంటర్లో సదివినావు కదేటి!"

సూర్యం కట్టాడు. పీహెచ్ మూడంటే పదికి మైనస్ మూడో ఘాతం, లీటరుకు హైడ్రోజన్ అయాన్లు మోల్‌లో వెయ్యో వంతు. నిమ్మరసం కన్నా పలచన. రేకులు కడిగిన నీళ్లు! సున్నా అంటే నిండా ఒక మోల్. వెయ్యి రెట్లు. మరి ఈ దేవిశ్రీ మీటర్లు మార్చేసి ఉంటే? అయినా అమ్మ కోసం నమ్మక తప్పలేదు.

ఊగుతూ, వాచీలోని బ్లేడుతో తాడు కోసుకుని మూడు చూపే తొట్టిలోకి పడ్డాడు. కాలిపోతున్నట్టు గావుకేక పెట్టి మునిగాడు.

వినోదం చూద్దామని మార్టెన్ వంగాడు. నీళ్లలోంచి లేచిన చెయ్యి అతని జుట్టు పట్టి ముఖాన్ని ఇనప అంచుకు బాదింది. ముక్కు చితికింది. పరుగెత్తుకొచ్చిన కాపలావాణ్ణి దేవిశ్రీ పిస్తోలు పడగొట్టింది. దారి మూసుకుపోయిన మార్టెన్ మీటరు చూశాడు. సున్నా. అంటే యాసిడే లేదనుకున్నాడు; ఈదుకుంటూ అవతలి గేటుకు పోవచ్చు. దూకాడు.

వెయ్యి రెట్లు ఘాటైన వేడి యాసిడ్ అది. ఆ అరుపుకు షెడ్డు రేకులు అదిరాయి. అతని చేతిలోంచి గాల్లోకి ఎగిరిన రిమోట్‌ను, బాటమీదికి ఎక్కిన సూర్యం విరిగిన పక్కటెముక పట్టుకుని ఎగిరి అందుకున్నాడు. బాంబు ఆపే మీట నొక్కేసరికి మిగిలింది ఒక్క సెకను.

దేవిశ్రీ కుచ్చెళ్లు సర్దుకుంది. "ఆమ్లాల పాఠం సెప్పిననాడు ఆడికి జ్వరమొచ్చుంటాది, పాపం!"