బతికున్న మనిషికి దీపం

హైఫాలో ఆ ఉదయం కూడా గీతెల్ దోసకాయలు, టమాటాలు సన్నగా తరుగుతోంది. కిటికీ గట్టు మీద గాజు గ్లాసులో నిన్న సాయంత్రం పెట్టిన దీపం ఇంకా వెలుగుతోంది. ఏడాదికోసారి, అక్క పెర్ల బ్రెడ్డు తెస్తానని వెళ్ళి తిరిగి రాని రోజున ఆమె ఆ దీపం పెడుతుంది. అప్పుడు అక్కకి పదిహేడు, గీతెల్‌కి పదకొండు. ఆ వారమే యూరప్‌లోని వాళ్ళ ఊళ్ళోకి జర్మన్ సైన్యం వచ్చింది. ఇంటిల్లిపాదిలో తనొక్కతే మిగిలానని యాభై ఏడేళ్ళుగా ఆమె నమ్మకం. లేక లేక నలభయ్యో ఏట పుట్టిన కూతురికి అక్క పేరే పెట్టుకుంది.

కూతురు పెర్ల వచ్చి బల్ల దగ్గర కూర్చుంది.

"త్వరగా తిను. కొండెక్కాలిగా, చచ్చినవాళ్ళతో కబుర్లు చెప్పడానికి," అంది గీతెల్.

యూనివర్సిటీ కొండమీదే ఉంది. అక్కడ యూదుల చరిత్ర, జాతి సంహారాలు, శాంతి గురించి చదువుతానని పెర్ల ఆరేళ్ళ క్రితమే అడిగింది. గీతెల్ మూడు రోజులు అన్నం ముట్టలేదు. దాంతో పిల్ల నోరు మూసుకుని మందుల షాపులో చేరింది. కిందటేడు మాత్రం తల్లి మాట కాదని చేరిపోయింది. ఆ కోపం గీతెల్‌కి ఇంకా తగ్గలేదు.

"ఇవాళ వెళ్ళట్లేదమ్మా. కత్తి పక్కన పెట్టి కూర్చో."

"ఏం, పరీక్ష పోయిందా? పోతే పోయిందిలే. మందుల షాపు ఎక్కడికీ పోలేదు."

పెర్ల ఒక కాగితం బల్లమీద పెట్టింది. నాజీలు చంపిన యూదుల గురించి వాళ్ళ మనుషులు నింపే సాక్ష్యపత్రం అది. అక్క పేరు మీద గీతెల్ కూడా ఎప్పుడో ఒకటి నింపింది.

"నా క్లాసులో ఒడెట్ అని రువాండా అమ్మాయి ఉందని చెప్పానుగా. వాళ్ళ దగ్గర మారణకాండలో పోయారనుకున్నవాళ్ళు కొందరు బతికే వచ్చారట. మీ అమ్మ పేరు మీద ఎవరైనా రాశారేమో చూడు అంది. పిచ్చిదానా, మా అమ్మ బతికే ఉందిగా అన్నాను. అయినా చూశాను."

గీతెల్ కళ్ళజోడు పెట్టుకుంది. చనిపోయిన వ్యక్తి పేరు: గీతెల్. వయసు పదకొండు. తల్లితో పాటు చంపేశారు. రాసినవారు: అక్క, పెర్ల. వాళ్ళ ఇంటి భాష యిద్దిష్ అక్షరాలు ఎడమకి వాలి ఉన్నాయి. పలక మీద తనకి అక్షరాలు దిద్దించిన చేయి అది.

"అక్క బతికే ఉందా?" అంది.

"ఆ రోజు పెద్దమ్మని రష్యా వైపు పోయే ఆఖరి రైల్లోకి జనం నెట్టేశారట. ఆ తర్వాత లాత్వియాలో, రీగాలో ఉంది. రెండేళ్ళ క్రితం పోయింది."

"ఈ కాగితం ఎప్పటిది?"

"తొంభై ఒకటి."

గీతెల్ వేళ్ళు ముడిచి లెక్కపెట్టబోయి ఆగిపోయింది. పెర్లకి మాత్రం నోరు ఆగలేదు.

"నేను చేరతానన్నది తొంభై రెండులో. అప్పుడే నన్ను చదువుకి పంపి ఉంటే నాలుగేళ్ళు ఉండేదమ్మా పెద్దమ్మ."

అన్నాక నాలుక కరుచుకుంది. గీతెల్ కిటికీ వైపు తిరిగింది. వాళ్ళవైపు యూదుల్లో పోయినవాళ్ళ పేర్లే పిల్లలకు పెడతారు. బతికున్నవాళ్ళ పేరు పెడితే వాళ్ళ ఆయుష్షు హరించుకుపోతుందని భయం.

"బతికున్న మనిషికి దీపం పెట్టాను. దాని పేరు నీకు పెట్టి రోజూ పిలిచాను. నా చేతులతో నేనే దాన్ని చంపుకున్నానే."

"డెబ్బై రెండేళ్ళు బతికిందమ్మా. నువ్వు పిలిచినందుకు పోలేదు." పెర్ల తల్లి చేతులు పట్టుకుంది. "పెద్దమ్మకి ఒక కూతురుంది. పత్రంలో ఉన్న అడ్రసుకి ఉత్తరం రాస్తే నిన్ననే జవాబిచ్చింది. ఫోన్ నంబరు కూడా ఇచ్చింది."

"పేరేంటి?"

"నువ్వే అడుగు."

నంబరు పెర్లే కలిపి ఇచ్చింది. చాలాసేపు మోగాక అవతల ఒక ఆడగొంతు యిద్దిష్‌లో పలికింది. మాట విరుపు అచ్చం అక్కదే.

"హలో, గీతెల్‌ని మాట్లాడుతున్నాను. ఎవరూ?"

గీతెల్ నోట తన పేరు రాలేదు. కిటికీ దగ్గర దీపం ఎప్పుడు కొండెక్కిందో ఇద్దరూ చూడలేదు.

"మీ అమ్మ చెల్లెల్ని తల్లీ," అంది చివరికి, ఏడుస్తూ. "ఆలస్యం చేసింది నేనే."