ముప్ఫై రెండు పళ్ళ రాక్షసులు

రాక్షసుడి మెడకు తాడు పడింది. ఓటింగు సగంలో ఉంది.

"ఉరి," అన్నాడు లాయరు, బిస్కెట్టు కొరుకుతూ.

"నాదీ అదే మాట," అంది అక్క.

రాక్షసుడు నిజానికి బొటనవేలంత బొమ్మ. బావ కళ్ళజోళ్ళ షాపు మీది గదిలో, మ్యాపు పరిచిన బల్ల నడుమ నిలబడి ఉన్నాడు. మెడలో ఉన్నది దారం ముక్క.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆ బల్ల చుట్టూ ఆడే కథల ఆటలో నలుగురు వీరులవుతారు. అక్క కత్తి పడుతుంది. బావ మంత్రాలు వేస్తాడు. ఎప్పుడూ కోర్టు గడప తొక్కకపోయినా ప్రతిదానికీ వాదించే స్నేహితుడు 'లాయరు' బాణాలు వేస్తాడు. కొత్తగా చేరిన టీచరు గాయాలకు మందు రాస్తుంది. వాళ్ళకు ఎదురయ్యే రాక్షసులు, రాజులు, దొంగలు, ఆఖరికి గుర్రాలు, అన్నిటికీ గొంతు ఒక్కడిదే. అతను అక్కకు తమ్ముడు. ల్యాబులో కట్టుడు పళ్ళు చేస్తాడు కాబట్టి అందరికీ పళ్ళ మేస్త్రి. బొమ్మలు పోసేదీ అతనే, పళ్ళ అచ్చుల్లో మిగిలిన ప్లాస్టరుతో.

ఇవాళ్టి కేసు చిన్నదే. ఊరి గంట పోయింది. బురద నేలల్లో బతికే రాక్షస జాతివాడొకడు పట్టుబడ్డాడు. ఉరి తీయాలా వదలాలా అన్నది వీరులు ఓటేసి తేల్చాలి. ఆట నడిపేవాడికి ఓటు లేదు. రెండేళ్ళ కిందట ఆ రూలు పెట్టింది మేస్త్రే. ఇప్పుడది అతని మెడకే చుట్టుకుంది.

ఎందుకంటే టీచరు పైకి వస్తూ మెట్ల మీదే చెప్పేసింది. ఇవాళ కూడా ఇంకో బురదవాణ్ణి చంపి చప్పట్లు కొడితే, తను వచ్చే ఆదివారం నుంచి రాదు.

ఆమె రాని ఆదివారాన్ని అతను ఊహించుకున్నాడు. బల్ల ఉంది, పాచికలు ఉన్నాయి, కిటికీ కూడా ఉంది. అందులోంచి వెలుతురే రావడం లేదు.

గొడవ మొదలై నెల అయింది. ఆమె లెక్కలూ సైన్సూ చెప్పే టీచరు కాదు. మాట తడబడే పిల్లలకు మాట నేర్పుతుంది. ఆమె క్లినిక్కు అతని ల్యాబుకు ఎదురుగానే. ఆటకు ఆమె మొదటిసారి వచ్చిన రోజున మేస్త్రి హుషారెక్కి బురదవాడి చేత నత్తిగా మాట్లాడించాడు. లాయరు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"ఆ గొంతు ఎవరిదో తెలుసా అండీ?" అని అడిగింది, నెమ్మదిగానే. "నా దగ్గరికొచ్చే ఎనిమిదేళ్ళ పాపది. దాన్ని తీసుకెళ్ళి చంపాల్సినవాడికి పెట్టారు. అందగాడైన ఆ రాజుగారికి పెట్టలేదేం?"

జవాబు చెప్పడానికి అతని దగ్గర వంద గొంతులున్నాయి. అన్నిటినీ పక్కనపెట్టి పాచికలు ఏరుకున్నాడు.

ఆ వారమంతా వాన. క్షమాపణ చెబుదామని అతను రోడ్డు దాటి క్లినిక్కు చూరు కింద నిలబడ్డాడు. క్షమాపణ రెండు నిమిషాల్లో అయిపోయింది. వాన గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో ఆమె తన పని ఎలా ఉంటుందో చెప్పింది. మాట మధ్యలో ఎవరైనా ఆగిపోతే ఆ మాట మనం అందించకూడదట. కళ్ళలోకి చూస్తూ ఆగాలట, ఎంతసేపైనా.

"వాళ్ళకి మాట రాక కాదండీ, మనకి ఓపిక లేక," అంది. చూరు నీళ్ళు ఆమె చాచిన అరచేతిలో పడి వేళ్ళ సందుల్లోంచి జారిపోతున్నాయి. ఆ చేతిని చూస్తూ అతను సగం మాటలు వినలేదు. మర్నాడు మళ్ళీ వాన పడింది. వినని సగం వినడానికి మళ్ళీ రోడ్డు దాటాడు.

"టీచరుగారూ, మీ ఓటు?" అన్నాడు లాయరు.

"ముద్దాయి మాట వినకుండా తీర్పేంటండీ? దొంగ ఎవరో ముందు అతన్నే అడుగుదాం."

పేరుకైనా లాయరు కదా, కాదనలేకపోయాడు.

మేస్త్రి నోట్సులో దొంగ బురదవాడే. నెల కిందట రాసుకున్నది. ఆ కాగితాన్ని అతను బల్ల కింద నాలుగు మడతలు పెట్టాడు. ఆ గొంతు మళ్ళీ ఎత్తడం నిప్పుతో చెలగాటమని తెలుసు. కాని ఇచ్చింది తనే. ఇప్పుడు లాగేసుకుంటే అదింకో దొంగతనం.

"గం... గంట..." అని ఆగాడు. ఈసారి అందులో నవ్వు లేదు.

లాయరు మాట అందించబోయాడు. టీచరు చెయ్యెత్తింది. గది మొత్తం ఆగింది. కిటికీ అద్దం మీద చినుకులు జారుతున్నాయి. బావ కళ్ళజోడు తుడిచి పెట్టుకుని, మొదటిసారి చూస్తున్నట్టు ఆ బొమ్మ మొహం చూశాడు.

"గంట మోగితే సంత. సంతకి మేం వస్తాం. వస్తే... మా కథ మేమే చె... చెప్పుకుంటాం. ఇక మా మీద భయం కథలు చెప్పి బతికేవాడి గతేంటి? గంట తీసింది చాటింపువాడు."

చాటింపువాడంటే వాళ్ళను ఈ వేటకు పంపిన తియ్యటి గొంతువాడు.

"వాడికి నా గుర్రం కూడా ఇచ్చాను కదరా," అంది అక్క. తర్వాత తన ఓటు వెనక్కి తీసుకుంది. బావ వదిలేయమన్నాడు. టీచరు గోటితో దారం ముడి విప్పింది.

విప్పి, తన సంచిలోంచి చేతిరుమాలు మూట తీసి బల్ల మీద పెట్టింది. ఇంకో కేసు ఉందట. మూటలో పన్నెండు బొమ్మలు. నెల నుంచి ఎవరో క్లినిక్కు కిటికీ గట్టు మీద పొద్దున్నే పెట్టి పోతున్నారు. పిల్లలు వాటిని చేతిలో పట్టుకుని వాటి తరఫున మాట్లాడుతున్నారు. ఎనిమిదేళ్ళ పాప నిన్న కప్పమొహంవాడి తరఫున ఒక వాక్యం తొందర లేకుండా మొదట్నుంచి చివరిదాకా చెప్పింది.

బావ సొరుగులోంచి భూతద్దం తెచ్చాడు. లాయరు ఒక్కొక్క నోరూ పరీక్షించాడు. కొమ్ములవాడు, తోకవాడు, ఒంటికన్నువాడు, ఎవడి నోట్లో చూసినా ముప్ఫై రెండు పళ్ళు. వంకర పన్ను ఒక్కటి లేదు.

"కప్పకి జ్ఞానదంతాలు పెట్టే బుద్ధి లోకంలో ఒక్కడికే ఉంటుంది," అంది అక్క. "పేరు మాత్రం నేను చెప్పను." బావ రెక్క పట్టుకుని లేపింది. "పదండి, షాపు తెరవాలి."

"ఆదివారం షాపేంటే?"

"తెరవాలంటే తెరవాలి. లాయరూ, నువ్వు కూడా. చత్వారం వచ్చినట్టుంది, పరీక్ష చేయిస్తాను." గుమ్మం దగ్గర ఆగి టీచరు వైపు తిరిగింది. "మావాడు కాస్త మొద్దు గానీ, మంచి పళ్ళు కడతాడమ్మా." తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది.

బల్ల మీద పన్నెండు మంది రాక్షసులూ, విడుదలైన పదమూడోవాడూ నవ్వుతున్నారు.

"ఎందుకు పెట్టారో తర్వాత అడుగుతాను," అంది టీచరు. "ముందు ఎవరో చెప్పండి. వచ్చే ఆదివారం నేను ఆ మనిషి కోసమే వస్తున్నాను."

"నే..." అన్నాడు అతను. ఆగిపోయాడు. ఈసారి నటన కాదు. రాజులూ రాక్షసులూ గుర్రాలూ అందరూ కిందికి దిగిపోయినట్టున్నారు. లోపల మిగిలింది వాడని గొంతు ఒక్కటే.

ఆ మాటేదో ఆమెకు తెలుసు. మెట్ల మీద చెవులు రిక్కించి నిలబడ్డ ముగ్గురికీ తెలుసు. ఆమె అందించలేదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, అతని కళ్ళలోకి చూస్తూ, వాన మొత్తం తనదే అన్నట్టు, ఆగింది.

"నేను," అన్నాడు పళ్ళ మేస్త్రి.