పడుగు కొసన పట్టుకున్న మాట

మూసీ పొంగి జూలూరు వంతెనను ముంచేసిన ఏడాది ఇది జరిగింది. వారం రోజుల ముసురు తర్వాత పోచంపల్లిలో ఎండ కాసింది. ఇక నేతపనివాళ్లు ఆగుతారా? వీధి పొడవునా మగ్గానికెక్కించే పడుగు దారాలు సాగదీసి గంజి పెట్టడం మొదలుపెట్టారు.

శివకృష్ణ బైకు సర్రున వచ్చి మనీష వాళ్ల పడుగు ముందు ఆగింది. ఇంకో జానెడు జరిగితే దారాలు తెగేవి.

"కండ్లు నెత్తికెక్కినయా? దిగు! గా కొస వట్టుకో, మా బాపు ఛాయ్ తాగొస్తడు," అంది మనీష. ఇంటర్ రెండేళ్లూ ఒకే క్లాసు. ఆమె మాట కాదనడం అతనికి ఎన్నడూ చేతకాలేదు.

ఆ కొసన అతను, ఈ కొసన ఆమె. నడుమ వీధి వీధంతా. గంజి ఆరేదాకా ఎవరు వదిలినా దారాలు చిక్కుపడతాయి. గుట్టుగా చెబుదామని వచ్చిన మాటను అతను అరిచి చెప్పాల్సి వచ్చింది.

"మనీషా! యూనివర్సిటీ సీటు ఇడిసిపెడుతున్న! నేను గూడ నీ చౌటుప్పల్ కాలేజీలనే చేరుత!"

గంజి పూస్తున్న మనీష నాయనమ్మ సావిత్రమ్మ చెయ్యి ఆపింది.

"ఎందుకు?" అని అరిచింది మనీష.

"పట్నంల నువ్వుండవ్ గదా!"

ఎదురింటి అరుగు మీద నవ్వులు. మనీష చెవులు ఎర్రబడ్డాయి గానీ చెయ్యి సడలలేదు.

"నేను చిన్న కాలేజీ నాకు నచ్చి తీసుకున్న. పొద్దున మగ్గం, పగలు చదువు. నీకేమొచ్చింది? ఫిజిక్స్, యూనివర్సిటీ అని రెండేండ్లు నా పానం దియ్యలేదా? చేరనీకి రేపే ఆఖరు రోజు!"

"నీ మీద ప్రేమతోని..."

"ప్రేమను ముంగటేసి ఎనక దాక్కోకు! భయమైతాంది గదా?"

శివకృష్ణ వెనక్కి తిరిగి బైకు వైపు చూశాడు. పారిపోదామంటే చేతిలో పడుగు.

"అవ్! అయితాంది!" అన్నాడు చివరికి. "గన్ని వేల మందిల నేనెవ్వన్ని? ఇంగ్లీషు గూడ సక్కగ రాదు! గని ప్రేమ అబద్ధం గాదు!"

మనీష తన కొసను ఇంకాస్త బిగించి పట్టుకుంది. తర్వాత, వీధి వింటే విననీ అన్నట్టు, "అబద్ధమని నేనన్ననా? భయముంటే ఉండనీ, పో. ఐతారం ఊరికి రా. బస్టాండ్ల నేనుంట," అంది.

"పిలగా," అంది సావిత్రమ్మ, "మా ఇంటికి అల్లునివి అయితవో కావో గని, ముందుగాల గా కొస గట్టిగ గుంజు. లూజైతాంది."

మరునాడు పొద్దున్నే అతను పట్నం పోయే మొదటి బస్సెక్కాడు. యూనివర్సిటీ గేటు లోపల ఎదురైన మొదటి మనిషిని ఆపి, "అన్నా, నేను కొత్త. ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ ఎటు?" అని అడిగాడు.