నికెల్ గదిలో ఊపిరి

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే దారిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ. దాని మూడో అంతస్తు చివరి గదికి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక, మూసిన తలుపు వెనక ఎవరో ఊపిరి తీస్తుంటారట. అక్కడే పరిశోధన చేస్తూ కామెర్లతో పోయిన సామ్యేలు సారుదే ఆ ఊపిరని అందరి మాట. బతికినన్నాళ్లూ గది వదలని మనిషి, చచ్చాక మాత్రం ఎందుకు వదులుతాడు?

ఇప్పుడు ఆ గదిలో పనిచేసే లెక్చరర్ అనితకు దెయ్యానికి భయపడే తీరిక కూడా లేదు. పగలంతా పాఠాలు, సాయంత్రం ఆళ్లగడ్డ బస్సు, ఇంటికి పోతే వంట. సామ్యేలు సగంలో వదిలిన పరిశోధన ఆమె నెత్తిన పడింది. విమాన ఇంజన్లకు వాడే నికెల్ మిశ్రమం లోపల రెండు రకాల లోహపు అమరికలుంటాయి. వాటి సరిహద్దులో అల్యూమినియం ఎంత చేరుతుందో, క్రోమియం ఎంత తప్పుకుంటుందో కంప్యూటర్ తేల్చాలి. పరమాణువులను ఒక్కొక్కటే అటూ ఇటూ మార్చి చూసుకునే లెక్క అది. రాత్రింబగళ్లు ఆగకుండా నడవాలి. ఆ పాత ప్రోగ్రామేమో మధ్యలో ఏదీ దాచుకోదు.

పొద్దున వచ్చి చూస్తే కంప్యూటర్ ఆరిపోయి ఉంటుంది... మళ్లీ మొదటికి. పాడు కరెంటని తిట్టుకునేది. సోమవారానికి ఫలితం చూపకపోతే పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ రద్దు. అయిదేళ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే.

అందుకే ఆ శనివారం ఎవరికీ చెప్పకుండా గదిలోనే ఉండిపోయింది. కరెంటు పోతే, రాగానే మళ్లీ మొదలుపెట్టొచ్చు. లోపల గడియ వేసి, లైటు తీసి, బల్ల మీద తల వాల్చింది. పక్కన కంప్యూటర్ ఫ్యాను బుస్సు బుస్సుమంటోంది.

ఎంతసేపు నిద్రపోయిందో...

అడుగుల చప్పుడు.

తలుపు దాకా వచ్చి ఆగింది. ఏదో గొణుగుడు. టక్కుమని చప్పుడు—ఫ్యాను ఆగిపోయింది. అనిత కిటికీలోంచి చూసింది. బయట రోడ్డు లైట్లు వెలుగుతూనే ఉన్నాయి.

పోయింది కరెంటు కాదు.

తలుపు అవతల వణికే గొంతు...

"చాలు సామ్యేలు సారూ... ఇంగ పండుకో."

అనిత గడియ తీసింది. టార్చి కిందపడి దొర్లింది. వరండాలో మెయిన్ స్విచ్ కింద వాచ్‌మన్ నతానియేలు, గోడకు అతుక్కుపోయి ఉన్నాడు.

"నువ్వా మేడమ్..." అన్నాడు.

"రోజూ నువ్వేనా అన్నా ఆపేది?"

"సారు ఊపిరి ఇనపడతాంది మేడమ్. చచ్చినా పని చేస్తాండాడే అని... ప్రార్థన చేసి మెయిన్ దించుతాండా. తెల్లారినాక ఎత్తుతా. రాత్రన్నా పండుకోనీలే అని."

అనితకు కోపం రావాల్సింది. ఏడుపొచ్చింది. ఈ అయిదేళ్లలో కాసేపు పడుకోమని తనతో ఒక్కరూ అనలేదు.

"అది సారుది కాదన్నా," అంది మెల్లగా. "కంప్యూటర్ ఫ్యాను. ఆ ఊపిరి నాది. నేను ఇంటికి పోయినా నా లెక్క ఈడ నడుస్తాంటాది. సోమవారం లోపల అది అయిపోవాల."

నతానియేలు టార్చి ఏరుకున్నాడు. మెయిన్ ఎత్తాడు. ఆమె లెక్క మళ్లీ మొదలుపెట్టింది. సోమవారానికి అందొచ్చు, అందకపోనూ వచ్చు.

అతను తన చాప తెచ్చి గదిలో ఒక మూల పరిచాడు.

"పండుకో మేడమ్. నేను వాకిట్లో కూచుంటా. ఊపిరి ఆగితే లేపుతా."